ప్రమీల అడగని మాట

బడిలో ఆటల పోటీలు పెట్టిన రోజు, కూతురు ఇంట్లో మరిచిపోయిన సద్ది డబ్బా తీసుకుని ప్రమీల గేటు దగ్గరికి వచ్చేసరికి గ్రౌండులో ఆడపిల్లల పరుగు మొదలైంది. ఆమెకు ఆ పరుగు చూడాలని లేదు. డబ్బా ఎవరి చేతికైనా ఇచ్చి తిరిగి మిల్లుకు పోవాలి, ఆలస్యమైతే మేస్త్రీ గొణుగుతాడు. అంతలో పిల్లలు అరుస్తుంటే తల తిప్పి చూసింది. మిగతా వాళ్ళకు బాగా ఎడంగా ముందు, జడ భుజం మీద ఎగిరెగిరి పడుతుంటే, పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో అన్నట్టు వస్తున్న ఆ పిల్ల తన కూతురు హేమ. ప్రమీల మిల్లు సంగతి మరిచిపోయింది.

హేమకు అప్పుడు పదమూడేళ్ళు. ఆదోనిలో పత్తి మార్కెట్టుకు దగ్గర్లో ఒక సందులో వాళ్ళ ఇల్లు. తండ్రి రామకృష్ణ యార్డు నుంచి మిల్లులకు పత్తి తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు. ప్రమీల జిన్నింగు మిల్లులో పత్తి ఏరే పనికి పోతుంది. ఇంట్లో నాలుగో మనిషి రామకృష్ణ తల్లి సుభద్రమ్మ. గోనెగండ్ల దగ్గర పల్లెలో చేలల్లో వంగి వంగి మోకాళ్ళు పట్టేసి, ఇక చేతగాక కొడుకు దగ్గరికి వచ్చి చేరింది.

ఆ సాయంత్రమే ఆటల మాస్టరు తిక్కయ్య సార్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మీ పాప ఉరుకు మామూలు ఉరుకు కాదమ్మా. పొద్దున్నే గ్రౌండుకు పంపించండి, మిగతాది నేను చూసుకుంటా" అని చెప్పి, ఇచ్చిన టీ తాగి పోయాడు.

సార్ అటు పోగానే సుభద్రమ్మ అందుకుంది. "ఎదిగే పిల్ల నిక్కరేసుకొని మొగోళ్ళ ముందర ఉరకల్నా? ఎవురన్నా ఏమన్నా అంటే?"

"ఉరుకుతాది అత్తా. నేను పక్కనే కూసుంటా. అనేవోళ్ళు నాతో అననీ" అంది ప్రమీల.

భార్య అంత గట్టిగా మాట్లాడటం రామకృష్ణ అదివరకు చూడలేదు.

చెప్పినట్టే చేసింది. తెల్లవారకముందే లేచి రొట్టెలు చేసి, కూతుర్ని వెంటబెట్టుకుని గ్రౌండుకు పోయేది. హేమ పరుగెత్తినంతసేపూ గోడ పక్కన కూర్చుని, ఆ తర్వాత అట్లే మిల్లుకు నడిచి పోయేది. చలికాలంలో కొంగు తలకు చుట్టుకుని కూర్చుంది. ఖాకీ నిక్కర్ల కుర్రాళ్ళు ఏదో కూస్తే లేచి వాళ్ళ మీదికి పోయింది. పుట్టింటి నుంచి వచ్చిన వెండి పట్టీలు అమ్మి, పరుగు పందేలకు వేసుకునే స్పైకు బూట్లు కొనింది. హేమ మొదటి కప్పు తెచ్చినప్పుడు దాన్ని కొంగుతో తుడిచి టీవీ మీద పెట్టింది. సందులో వాళ్ళు, మిల్లులో ఆడవాళ్ళు ఆమెను "హేమ వాళ్ళమ్మ" అని పిలవడం మొదలుపెట్టారు. అట్లా పిలిచిన ప్రతిసారీ ప్రమీల నడుము నిటారుగా అయ్యేది. పుట్టిన దగ్గర్నుంచి ఎవరి పొలంలోనో, ఎవరి మిల్లులోనో వంగిన నడుము అది.

పదో తరగతికి వచ్చేసరికి హేమ ఒళ్ళు నిండింది. పొడుగైంది. ఆ ఏడు కర్నూలులో జరిగిన పోటీలో ఎనిమిది వందల మీటర్లలో నాలుగో స్థానంలో వచ్చింది. తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. మరుసటి రోజు ప్రమీల తిక్కయ్య సార్‌ను పక్కకు పిలిచి అడిగింది, ఎందుకిట్లా అయిందని.

"పిల్ల ఎదుగుతాంది గదమ్మా. ఒళ్ళు కొంచెం బరువైంది. ఈ వయసులో కొన్నాళ్ళు అట్లే ఉంటుంది. మీరేం గాబరా పడొద్దు, దానంతటదే సర్దుకుంటుంది" అన్నాడు సార్.

ఆయన నాలుగు మాటలు చెబితే ప్రమీల చెవిలో ఒక్క మాటే నిలబడింది. ఒళ్ళు బరువైంది. ఇంటికి పోతూ దారంతా దాన్నే తిప్పి తిప్పి అనుకుంది. ఆ రాత్రి నుంచి హేమకు అన్నం ఆపేసింది. ఒక జొన్న రొట్టె, కాసిని ఆకుకూర, పలచని మజ్జిగ. శెనక్కాయల డబ్బా అటక మీదికి ఎక్కింది. నెయ్యి గిన్నె సుభద్రమ్మ కంచం దగ్గరే ఆగిపోయింది. మొదటి నాలుగు రోజులు హేమ ఆకలిగా ఉందని అంది.

"జిల్లా టీము సెలక్షన్స్ దాకానే పాపా. ఆమీద నువ్వేం తింటానంటే అది పెడతా" అంది ప్రమీల.

హేమ తల్లి మాట కాదనే పిల్ల కాదు. కొన్నాళ్ళకు ఆకలి గురించి చెప్పడం మానేసింది. ఇంకొన్నాళ్ళకు పెట్టిన రొట్టెలో కూడా సగం పక్కకు తోసేది. అట్లా తోసిన రోజు ప్రమీల కూతురి తల నిమిరి, "నా బంగారు తల్లి, ఎంత పట్టుదలో" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా హేమ మొహంలో ఒక వెలుగు వచ్చేది. తర్వాతి రోజుల్లో ప్రమీలకు నిద్రపట్టనివ్వకుండా చేసింది అన్నిటికంటే ఎక్కువగా ఆ వెలుగే.

ఆరు వారాలు తిరగకుండానే హేమ సన్నబడింది, పరుగు కూడా మళ్ళీ పుంజుకుంది. ఎమ్మిగనూరులో జరిగిన పోటీలో మొదటి స్థానం కొట్టింది. ఆ రోజు గ్రౌండు బయట చెట్టు నీడన ఉమాదేవి అనే ఆమె ప్రమీలను పలకరించింది. ఎమ్మిగనూరులోనే మగ్గం నేసుకునే ఇల్లు వాళ్ళది. ఆమె కూతురు పల్లవి హేమకంటే రెండేళ్ళు చిన్నది, ఆ రోజు చివరి నుంచి రెండోదిగా వచ్చింది.

"అక్కా, మీ పాపకు ఏం పెడతావక్కా? అంత తేలిగ్గా ఎట్ల ఉరుకుతాంది?"

ప్రమీల చెప్పింది. గొప్పగా, చేతులు తిప్పుతూ, పూస గుచ్చినట్టు చెప్పింది. రాత్రి అన్నం వద్దు, శెనక్కాయలు వద్దు, నూనె చుక్క తగలనీయొద్దు. "మొదట్లో ఏడుస్తారు. మనం మెత్తబడకూడదు" అని కూడా చెప్పింది. ఉమాదేవి తల ఊపుతూ వినింది. ఇద్దరూ ఫోన్ నెంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారు.

హేమకు నెలసరి ఆగిపోయిన సంగతి ప్రమీలకు తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ప్రతి నెలా కిరాణా సరుకుల్తో పాటు ప్యాడ్ల ప్యాకెట్టు తెచ్చి బీరువా కింది అరలో పెట్టేది ఆమే. ఒక నెల ప్యాకెట్టు విప్పకుండా అట్లే ఉంది. ముందు నెలది మిగిలి ఉంటుందేమో అనుకుంది. రెండో నెలా విప్పలేదు. మూడో నెల కొట్టు దగ్గర నిలబడి కొనాలా వద్దా అని ఆలోచించి, కొనకుండా వచ్చేసింది. కొనకుండా వచ్చేసిన ఆ రోజే ఆమెకు తెలిసిపోయింది. అడగాలనుకుంది. కూతురు ఎదురుగా కూర్చుని బూట్ల దారాలు బిగించుకుంటుంటే నోటిదాకా వచ్చింది కూడా. అడిగితే ఆస్పత్రికి పోవాలి. ఆస్పత్రికి పోతే వాళ్ళు పరుగు ఆపమంటారు. సెలక్షన్స్ దగ్గర పడుతున్నాయి. అయిపోయాక అడుగుదాంలే అనుకుంది.

నిజం చెప్పాలంటే ఆమె మనసులో ఇంకొకటి కూడా ఉంది. పోటీ రోజునే పిల్లకు ఆ ఇబ్బంది వస్తే ఎట్లా అని అంతకుముందు ఎన్నిసార్లో భయపడింది. ఇప్పుడు ఆ భయం లేదు. బీరువా తలుపు మూస్తూ, ఇదీ ఒకందుకు మంచిదేలే అని ఒక క్షణం అనుకుంది. ఒక్క క్షణమే, కానీ అనుకుంది.

సుభద్రమ్మ ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం కోడలు ఒక్కతే ఉన్నప్పుడు అడిగింది. "ప్రమీలా, పిల్ల బయట సేరి ఎన్నాళ్ళాయ? కండ్లు లోపలికి పోయినాయి. నాకేం బాగా అగుపించల్యా."

"ఆటలాడే పిల్లలకు అట్లే ఉంటాది అత్తా. నీకు తెల్దు, ఊరకుండు" అంది ప్రమీల. ఆటలాడే పిల్లలకు ఎట్లా ఉంటుందో ఆమెకూ తెలియదు.

చలి తగ్గే రోజుల్లో హేమకు కుడి కాలి ముందు ఎముక నొప్పి మొదలైంది. ప్రమీల ఆముదం వెచ్చచేసి రుద్దింది. గుడ్డ కట్టింది. నొప్పి పొద్దున తగ్గి సాయంత్రానికి వచ్చేది. తిక్కయ్య సార్ హేమ నడక చూసి, "కాలేమన్నా ఇబ్బంది పెడతాందా?" అని అడిగితే, హేమ సమాధానం చెప్పకముందే ప్రమీల "ఏం ల్యా సార్, కొంచెం పట్టేసింది అంతే" అంది. హేమ తల్లిని చూసి, సార్‌ను చూసి, "ఏం లేదు సార్" అంది.

జిల్లా సెలక్షన్స్ ఎమ్మిగనూరులోనే పెట్టారు. ఆ రోజు గ్రౌండు అంచున కూర్చుని బూట్లు వేసుకుంటూ హేమ, "మా, కాలు బాగా నొస్తాంది. నిలబడితే కూడా నొస్తాంది" అంది.

ప్రమీల కూతురి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఆ సన్నటి పిక్కను రెండు చేతుల్లో పట్టుకుంది. మూడేళ్ళ పొద్దులు, అమ్మిన పట్టీలు, కప్పులు, "హేమ వాళ్ళమ్మ" అన్న పిలుపు, అన్నీ ఆమె వెనక నిలబడి తోస్తున్నట్టే ఉంది. "ఈ ఒక్క దినం ఓర్చుకో పాపా. ఈ ఒక్క దినమే" అంది.

హేమ లేచి పరుగు మొదలయ్యే గీత దగ్గరికి పోయింది.

మొదటి రౌండు రెండో స్థానంలో ఉంది. ప్రమీల గట్టు మీద నిలబడి గొంతు చినిగిపోయేలా "ఉరుకు హేమా, ఉరుకు" అని అరుస్తోంది. చివరి మలుపు తిరుగుతూ హేమ ముందున్న పిల్లను దాటింది. నాలుగు అడుగులు పోయిందో లేదో, కుడి కాలు కింద ఏదో లేనట్టుగా ఒక పక్కకు కూలిపోయింది. మళ్ళీ లేవబోయింది. రెండు చేతులు నేల మీద ఆనించి, కాలు ఈడ్చుకుంటూ చివరి గీత వైపు పాకబోయింది. తిక్కయ్య సార్ పరుగెత్తి పోయి ఆపి పట్టుకునేదాకా పాకుతూనే ఉంది. ఆమె చూపు మాత్రం గట్టు మీదే, తల్లి ఉన్న వైపే ఉంది.

ఎముక విరిగిందని ఆదోని ఆస్పత్రిలో చెప్పారు. కట్టు వేశాక ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే చేతిలో పట్టుకుని మంచం దగ్గరికి వచ్చింది. రామకృష్ణ, సుభద్రమ్మ, ప్రమీల ముగ్గురూ అక్కడే ఉన్నారు. ఆమె రామకృష్ణను కాసేపు బయట ఉండమని చెప్పి, ప్రమీలను అడిగింది.

"ఇది ఇవాళ పడి విరిగిన ఎముక కాదమ్మా. చాలా రోజుల నుంచి పగులు ఉంది. ఈ వయసు పిల్లకు ఎముక ఇంత బలహీనంగా ఉండకూడదు. నెలసరి సరిగ్గా వస్తోందా?"

దిండు మీద నుంచి హేమ తల్లినే చూస్తోంది.

"వస్తాంది మేడం" అంది ప్రమీల. అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి జారిపోయింది.

డాక్టరమ్మ హేమ వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

హేమ గోడ వైపు చూస్తూ అంది. "రావట్లేదు మేడం. చాన్నాళ్ళైంది. అమ్మకు తెలీదు. నేనే చెప్పలేదు."

సుభద్రమ్మ కోడలి వైపు తిరిగి చూసింది. ప్రమీల తల దించుకుంది. డాక్టరమ్మ చెబుతూ పోయింది. తిండి చాలకపోతే ఒళ్ళు ముందు నెలసరిని ఆపేస్తుందని, ఆ తర్వాత ఎముకల బలం తగ్గిపోతుందని, ఆ ఎముక మీద రోజూ పరుగెత్తితే జరిగేది ఇదేనని. "మీరు కనిపెట్టి ఉండాల్సిందమ్మా. ఇకనైనా పిల్లతో మాట్లాడుతుండండి" అంది.

బయటికి వచ్చాక రామకృష్ణకు విషయం తెలిసింది. అతను భార్య భుజం మీద చెయ్యి వేసి, "పిల్ల సెప్పకపోతే నీకెట్ల తెలుస్తాది? నువ్వేం మనసులో పెట్టుకోవాకు" అన్నాడు. ఆ చెయ్యి భుజం మీద నిప్పులా అనిపించింది. అయినా ప్రమీల నోరు విప్పలేదు.

ఇంటికి తీసుకొచ్చాక హేమ కోసం ముందు గదిలో మంచం వేశారు. ప్రమీల మిల్లుకు పోవడం మానేసి వంటింట్లోనే ఉంది. బొరుగులతో ఉగ్గాని చేసింది, పప్పు చేసి నెయ్యి పోసింది, గుడ్లు ఉడికించింది, అటక మీది శెనక్కాయలు దించి ఊరుబిండి పచ్చడి నూరింది. హేమ కంచం ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చునేది. రెండు ముద్దలు తిని చాలనేది. మొండితనం కాదు. పిల్ల చెయ్యి కంచం దాకా పోయి ఆగిపోయేది. ఒకసారి నెయ్యిని అన్నం నుంచి వేలితో అంచుకు తోస్తూ ఉండగా ప్రమీల చూసింది. ఆకలిని చంపుకోవడం నేర్పింది తనే. ఇప్పుడు తినమని ఎట్లా నేర్పాలో ఆమెకు తెలియలేదు.

ఒక సాయంత్రం అందరూ భోజనానికి కూర్చున్నారు. హేమ కంచం అట్లే మిగిలింది. రామకృష్ణకు విసుగొచ్చింది.

"మళ్ళా అదే పని సేస్తాండావు. తినవు, ఒళ్ళు బాగలేకుంటే సెప్పవు. మాకంటే సెప్పలేకపోతివి, కన్నతల్లికన్నా సెప్పాల్నా వద్దా? అన్ని నెలలు ఆమె దగ్గర దాసిపెడితివే, ఎంత గట్టి గుండె నీది?"

హేమ తల వంచుకుని వింటోంది. ఇంతకుముందు కూడా తండ్రి రెండుసార్లు ఇట్లాగే అంటే, ఇట్లాగే వింది.

"దాసిపెట్టల్యా" అంది ప్రమీల.

రామకృష్ణ భార్య వైపు చూశాడు.

"నాకు తెలుసు. మూడో నెలకే తెలుసు. సెలక్షన్స్ అయిపోనీలే అని ఊరకుండినాను. అత్త అడిగితే నోరు మూయించినాను. కాలు నొస్తాందని ఆ పొద్దు గూడ సెప్పింది పిల్ల, ఓర్చుకోమన్నాను. డాక్టరమ్మ అడిగితే అబద్ధం సెప్పినాను. నా కోసరమే పాప ఆ మాట మీదేసుకునింది."

రామకృష్ణ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లేచి, చెయ్యి కడుక్కుని, ఆటో తాళం తీసుకుని బయటికి పోయాడు. సుభద్రమ్మ కంచం పక్కకు జరిపి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ప్రమీల కూతురి మంచం దగ్గరికి పోయి కింద కూర్చుంది.

"నాకు తెలుసు, నీకు తెలుసని" అంది హేమ మెల్లగా.

ప్రమీల తలెత్తింది.

"ఆ ప్యాకెట్లు అర ముందరికి జరిపి పెడతాంటిని. బీరువా తీస్తే నీకు కనపడాలని. ఈ రోజు అడుగుతుంది, రేపు అడుగుతుంది అని చూసినా. నువ్వు అడిగితే చెప్దామనుకున్యా. నువ్వు అడగల్యా. అడగకపోతే ఆపడం ఇష్టం లేదేమో అనుకున్యా." కొంచెం ఆగి మళ్ళీ అంది. "ఆస్పత్రిలో నీ బదులు అబద్ధం చెప్పినా. ఇంకోసారి చెప్పను మా."

"వద్దు. సెప్పొద్దు" అంది ప్రమీల. క్షమించమని అడగాలని ఉంది. అడిగితే పిల్ల సరేనంటుంది, తల్లి ఏమడిగినా సరేనన్నట్టే. అందుకని అడగలేదు.

కట్టు చూపించుకోవడానికి పోయినప్పుడు ప్రమీల డాక్టరమ్మకు ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె అరవలేదు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి అంతా వింది. ఏం పెట్టాలో, ఎట్లా పెట్టాలో చెప్పింది. "తిను తిను అని వెంటపడకండి. అందరూ కలిసి కూర్చుని తినండి. తను ఎంత తింటుందో చూడొద్దు. టైం పడుతుంది" అంది.

ఆ వారంలోనే ఎమ్మిగనూరు నుంచి ఉమాదేవి ఫోన్ చేసింది. హేమ కాలు ఎట్లుందని అడిగింది. సానుభూతి చూపించింది. ఆ తర్వాత గొంతులో సంతోషం దాచుకోలేక, "అక్కా, నువ్వు చెప్పినట్లే చేస్తాండ మా పల్లవికి. బాగా తగ్గింది. మొన్న బడిలో ఫస్టు వచ్చింది. అంతా నీ పుణ్యమేనక్కా" అంది.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. "పొయ్యి మీద పాలు పెట్టినా, మళ్ళా చేస్తా" అని ప్రమీల ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మళ్ళా చేయలేదు. రోజులు గడిచాయి. ప్రతి రోజూ ఫోన్ తీసుకునేది, పెట్టేసేది. అవతలి ఆమె అడిగే మొదటి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. అన్నీ తెలిసి ఎందుకు ఊరకున్నావని. ఒకసారి తప్పు చేసినప్పుడు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. ఇప్పుడు ఈ రోజులన్నిటికీ ఏమని చెప్పుకుంటుంది? ఇట్లా ఒక వారం పైగా గడిచాక, ఒక ఉదయం హేమకు అన్నం పెట్టి, అత్తకు అప్పజెప్పి, బస్టాండుకు నడిచి ఎమ్మిగనూరు బస్సు ఎక్కింది. ఫోన్‌లో చెప్పే మాట కాదనిపించింది.

ఉమాదేవి ఇంట్లో మగ్గం గుంట ముందు గదిలోనే ఉంది. ఆమె భర్త నేస్తున్నాడు. ఆమె కండెలకు నూలు చుడుతోంది. ప్రమీలను చూసి ఆశ్చర్యపోయి, చాప వేసి, మజ్జిగ ఇచ్చింది. అంతలో బడి మధ్యాహ్నం బెల్లుకు పల్లవి ఇంటికి వచ్చింది. ఆ పిల్ల సన్నబడిన చేతులు చూడగానే ప్రమీల మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

"ఉమా, నీతో ఒక మాట సెప్పాలని వచ్చినా. పాపను గూడ ఉండనీ, వినాల" అంది.

చెప్పింది. బీరువా అర దగ్గర్నుంచి ఆస్పత్రి మంచం దాకా అన్నీ చెప్పింది. తను గొప్పగా చెప్పిన పద్ధతే కూతురి ఎముకను తినేసిందని చెప్పింది. మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

ఉమాదేవి కూతుర్ని దగ్గరికి పిలిచి చెవిలో ఏదో అడిగింది. పల్లవి తల అడ్డంగా ఊపింది. ఉమాదేవి మొహం పాలిపోయింది.

"నేను ఫోన్ చేసిన పొద్దు నీకిదంతా తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఫోన్ పెట్టేస్తివా?"

"పెట్టేసినా."

"ఇన్ని దినాలు నా బిడ్డకు నా చేత్తోనే కడుపు మాడుస్తాంటి గదక్కా. నీ పాపకైందే చాలు గదా, నా పాప ఏం చేసింది నీకు?" ఉమాదేవి గొంతు పెంచలేదు. అట్లా మెల్లగా అడగడమే ప్రమీలకు భరించరాకపోయింది. తల వంచుకుని కూర్చుంది. కాసేపటికి ఉమాదేవి భర్త గుంటలోంచి లేచి వచ్చి, "ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుంది?" అని అడిగాడు.

మర్నాడే వాళ్ళు పల్లవిని ఆదోనికి తీసుకొచ్చారు. ప్రమీల ఆస్పత్రి గేటు దగ్గరే నిలబడి ఉంది. ఉమాదేవి ఆమెతో మాట్లాడలేదు, పొమ్మనీ అనలేదు. పరీక్షలయ్యాక డాక్టరమ్మ, సమయానికే వచ్చారని, ఎముకలకు ఇంకా ఏమీ కాలేదని, కొన్నాళ్ళు పరుగు ఆపి బాగా తింటే చాలని చెప్పింది. ఉమాదేవి వరండాలో బల్ల మీద కూర్చుని ఏడ్చింది. ప్రమీల కొంచెం దూరంలో నిలబడింది. బస్సు ఎక్కేటప్పుడు ఉమాదేవి వెనక్కి తిరిగి, "వచ్చి చెప్పినావు, అంతవరకు మంచిదే" అంది. ఆ తర్వాత ఎప్పుడూ ఫోన్ చేయలేదు.

తిక్కయ్య సార్ దగ్గరికి కూడా పోయి చెప్పింది ప్రమీల. "ఒళ్ళు బరువైందన్న మాట నేనే అన్నానమ్మా. నువ్వు దాన్నిట్లా పట్టుకుంటావనుకోలేదు. పిల్ల నడక చూసి కూడా నీ మాట నమ్మినా" అన్నాడు. తర్వాతి ఆదివారం గ్రౌండుకొచ్చే ఆడపిల్లల తల్లుల్ని పిలిపించి డాక్టరమ్మతో మాట్లాడించాడు. ప్రమీల వెనక వరుసలో కూర్చుంది. ఎవరో ఆమెను చూపించి గుసగుసలాడారు. లేచి పోలేదు.

కట్టు తీశాక హేమ కాలు పుల్లలా ఉంది. నడక మళ్ళీ నేర్చుకున్నట్టే నేర్చుకుంది. రామకృష్ణ భార్యతో మాట్లాడటం మొదలుపెట్టడానికి చాలా రోజులు పట్టింది. మొదలుపెట్టాక ఆ సంగతి ఎత్తలేదు. అందరూ కలిసి తినడం ఇంట్లో అలవాటైంది. ప్రమీల తన కంచం వైపే చూసుకుంటూ తినేది. అది ఆమెకు చాలా కష్టమైన పని. హేమ ఒకరోజు ఎక్కువ తినేది, రెండు రోజులు తక్కువ తినేది. మెల్లగా బుగ్గలకు రంగు వచ్చింది.

వానలు పడ్డాక హేమ గ్రౌండుకు పోతానంది. ప్రమీల సంబరంగా లేవబోతే, "నాయనతో పోతా మా. నువ్వు రావొద్దు, ఇప్పుడే వద్దు" అంది. ప్రమీల సరేనంది. పొద్దున్నే ఆటో చప్పుడు సందు చివర దాకా పోయేది వింటూ, రొట్టెలు తడుతూ వంటింట్లోనే ఉండిపోయింది. ముందు నడక, తర్వాత నడకకూ పరుగుకూ మధ్య ఏదో. పోటీల మాట ఎవరూ ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం సుభద్రమ్మ కోడల్ని పిలిచి, గొంతు తగ్గించి చెప్పింది. "పిల్ల బయట సేరింది. పొద్దున నాకు సెప్పింది."

"నీకు సెప్పిందా అత్తా?"

"నాకే సెప్పింది."

ప్రమీల వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. సంతోషంతోనే ఏడ్చింది, మొదట. తర్వాత ఆ మాట తనకు చెప్పలేదని ఏడ్చింది. హేమ తనకెందుకు చెబుతుందిలే అని తనకు తనే చెప్పుకుని, మొహం కడుక్కుని, పొయ్యి వెలిగించింది.

సాయంత్రం హేమ వంటింటి గడప మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. ప్రమీల అడగాలా వద్దా అని తటపటాయిస్తోంది.

"అవ్వ చెప్పిందా?" అంది హేమ.

"సెప్పింది."

హేమ ఇంకో నాలుగు కాడలు విరిచింది. "ఈ పొద్దు గ్రౌండులో కాలు కొంచెం నొచ్చింది మా. ఎడమ కాలు. ఎక్కువేం కాదు" అంది.

ప్రమీల చేతిలో పని ఆగింది. నోటికి వచ్చిన మాటలన్నీ మింగేసింది.

"ఏం చేద్దామనుకుంటాండావు?"

"రేపు పోను. తగ్గకపోతే డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

"సరే" అంది ప్రమీల. హేమ ఏరిన కొత్తిమీర తల్లి చేతికిచ్చి, ముందు గదిలో అవ్వ దగ్గరికి పోయింది.